టికెట్‌లో ఏడు గంటలు

దుబాయ్‌లో విమానం ఎక్కి ఏడు గంటలైందో లేదో, పక్క సీటు పెద్దమ్మ శాలువా మడతపెట్టి, చెప్పులేసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "దిగుడేనా బిడ్డా?" అంది.

ఎక్కడ దిగుతాం, ఎదురుగా స్క్రీన్ మీద చూస్తే ఇంకా గ్రీన్‌లాండ్ కూడా దాటలేదు. సంగతేంటంటే, నల్గొండలో వాళ్ల చెల్లెలి కొడుకు టికెట్ చూసి రాత్రి 2:40కి ఎక్కితే పొద్దున 9:40కి డాలస్‌లో ఉంటావని చెప్పాడట. టికెట్ తప్పేం కాదు, కాకపోతే ఎక్కేది దుబాయ్ టైం, దిగేది డాలస్ టైం, ఎండాకాలంలో మధ్యలో 9 గంటల తేడా. అంటే మొత్తం 16 గంటలు. ఈ లెక్క చెప్పేసరికి ఆమె మొహం చూడలేకపోయాను. పాపం, కూతురింట్లో వేడిగా తినొచ్చని మొదట పెట్టిన భోజనం కూడా వెనక్కి పంపేసింది.

శంషాబాద్ నుంచి నేను సణుగుతూనే ఉన్నాను, దుబాయ్‌లో నాలుగు గంటలు పడిగాపులనీ, అక్కడ ఒక్క టీకి ఇచ్చిన డబ్బుతో ఎల్బీ నగర్‌లో వారం తాగొచ్చనీ. ఈమెని చూశాక నోరు మూసుకున్నాను.

కాసేపటికి మళ్లీ డౌట్. "అమెరికా పడమట అంటరు గద, వీడేంది మంచు దిక్కు పోతుండు, తొవ్వ తప్పిండా?" భూమి గుండ్రం అని నోటితో చెబితే అర్థమయ్యేది కాదు గానీ, అప్పటికే నా చేతిలో ఆమె పెట్టిన నువ్వుల లడ్డు ఉంది. దాని మీదే గోటితో దుబాయ్ ఒక చుక్క, డాలస్ ఒక చుక్క పెట్టి, దగ్గరి దారి పైనుంచే పోతుందని గీత గీసి చూపించాను. అసలు హైదరాబాద్ నుంచి డాలస్‌కి తిన్నగా గీస్తే దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది, దాదాపు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వచ్చినా పెరిగేది వెయ్యి కిలోమీటర్లే, అది నాక్కూడా తర్వాత లెక్కేసుకుంటేనే తెలిసింది.

"మరి దుబాయ్ కాడికెళ్లి ఎంత దూరం?"

12,900 అన్నాను. ఆ అంకె ఆమెకి ఎక్కలేదు. నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు కదా, అక్కడికి 129 సార్లు పోయినంత అన్నాను. వేళ్లు మడుస్తూ ఏవో పెళ్లిళ్లు, ఆస్పత్రులు లెక్కపెట్టుకుని, "నా పుట్టుకల గన్నిసార్లు పోలే బిడ్డా" అంది. మళ్లీ చెప్పులు విప్పేసింది. తర్వాత వచ్చిన భోజనం మాత్రం పెరుగుతో సహా ఊడ్చేసింది, నా పెరుగు కూడా ఇచ్చేశాను.

మిగతా తొమ్మిది గంటల్లో ఏం జరిగిందో నాకు గుర్తు లేదు, నిద్రపోయాను.

డాలస్‌లో ఇమిగ్రేషన్ లైన్ గంట పట్టింది. బయట ఆమె కూతురు నిండు కడుపుతో నిలబడి ఏడుస్తోంది. పెద్దమ్మ ఆమె బుగ్గలు నిమిరి, ముద్దు పెట్టుకుని, అల్లుడి వైపు తిరిగి అన్న మొదటి మాట: "ముందుగాల మా చెల్లె కొడుక్కు ఫోన్ కలుపు."