అరవడం రాని లీడరు

మంగళవారం, రాత్రి.

ఈరోజు మన నెల్లూరు జిల్లా కలిగిరి వైపు పొదుపు సంఘాల మీటింగులు. కొత్తగా లీడరైన ఒకమ్మాయి అడిగింది: "పాత లీడరక్క అరిస్తే అందరూ కట్టేవాళ్లు. నాకు అరవడం రాదు. నేనెట్టా నడపాలక్కా?"

అరవడం నేర్చుకోనక్కర్లేదు. గొంతులో లేని గట్టిదనం తీర్మానం పుస్తకంలో ఉంటే చాలు. నెలకు తలా 200 పొదుపు, కిస్తీ ఏ తేదీకి, ఆలస్యమైతే ఎంత జరిమానా, అప్పు ముందు ఎవరికి: ఇవన్నీ పది మంది సంతకాలతో రాసి ఉంటే, మెత్తటి మనిషి మెల్లగా చదివి వినిపించినా పని జరుగుతుంది. అరుపు మీద నడిచే సంఘం ఆ మనిషి ఊళ్లో లేని నెల ఆగిపోతుంది.

గలగలా మాట్లాడే లీడరుకు చిక్కు వేరు. నిధిలో 30,000 ఉంది, ఇద్దరు చెరో 20,000 అడిగారనుకుందాం. "ఈసారి గేదె కొనే ఆమెకు ఇద్దాం" అని ఆమె ముందే అనేస్తే మిగతావాళ్లు తలూపుతారు, బయటికొచ్చాక గొణుగుతారు. అందరికన్నా చిన్నామెతో మొదలుపెట్టి వరసగా అడిగి, తన మాట చివర చెప్పాలి. మాటకారితనం పోగొట్టుకోనక్కర్లేదు, వంతు మార్చుకుంటే చాలు.

లెక్కల్లో గట్టిగా ఉండే ఆమె అన్నీ తనే రాసేస్తుంది. డబ్బు ఇంకొకరు పైకి లెక్కబెట్టాలి, పాసు పుస్తకాలు అక్కడే రాసి ఇచ్చేయాలి. ఇంటికెళ్లి రాస్తాననడంతోనే అనుమానం మొదలవుతుంది. రెండో లీడరు చేత ఖాళీ విత్‌డ్రాయల్ ఫారం మీద ముందే సంతకం పెట్టించుకోవడం ఎంత నమ్మకమున్నా తప్పే.

అసలు తీరు బయటపడేది కిస్తీ కట్టని మనిషితో మాట్లాడేటప్పుడు. మీటింగులో అందరి ముందు అడిగితే ఆమె పరువు కోసం "వచ్చే వారం మొత్తం కడతాలే" అంటుంది. కానీ కట్టలేకపోతుంది. ఆ పై వారం మీటింగుకే రాదు. అందుకని ముందురోజు సాయంత్రం లీడరు ఒక్కతే వాళ్లింటికెళ్లాలి. "ఎందుకు కట్టలేదు" అంటే సాకు వస్తుంది. "ఈ నెల ఎంత కట్టగలవు, ఏ రోజుకి?" అంటే అంకె వస్తుంది. పాడి ఉన్న ఇంటికి పాల బిల్లు రోజు, పొగాకు ఇంటికి వేలం డబ్బు చేతికొచ్చే రోజు చూసి తేదీ పెట్టాలి. ఆమె ఒప్పుకున్న అంకెనే మర్నాడు మీటింగులో రాయించాలి. జాలిపడి సొంత డబ్బు వేసి కట్టకూడదు, పై నెల ఇంకో ఇద్దరు అదే ఎదురుచూస్తారు. ఇది మెత్తటి లీడర్లు ఎక్కువగా చేసే పొరపాటు, నాకు బాగా బాధ కలిగించేది కూడా, ఎందుకంటే చివరికి మాటపడేది వాళ్లే.

"నా తీరింతే, నా మాట కటువు" అనేవాళ్లున్నారు. తన తీరుగా ఉండడం అంటే ఎదుటివాళ్లకు ఇబ్బందైనా మారననడం కాదు. లీడరు దేన్ని గట్టిగా పట్టుకుంటుందో అందరికీ ముందే తెలిసి ఉండాలి, అది తన చుట్టానికీ ఒకటే కావాలి. 1992లో దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లకూ, ముందు నిలబడ్డ రోశమ్మ గారికీ ఏ పదవీ లేదు. సారా ఊళ్లోకి రాకూడదన్న ఒక్క మాట మీద నిలబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మన జిల్లా వాళ్లకు లీడరంటే ఎవరో వేరే చెప్పాలా!

ఆ అమ్మాయికి ఒక పని చెప్పాను. మీటింగు అయ్యాక నోటుబుక్కులో మూడు ముక్కలు రాసుకోవాలి: ఈరోజు నోరు విప్పనిది ఎవరు, నేనొక్కదాన్నే తేల్చేసింది ఏది, ఎవరికి ఏ తేదీకి ఏం మాటిచ్చాను. నాలుగైదు మీటింగులకు ఒకే పేరు, ఒకే పని మళ్లీ మళ్లీ కనబడుతుంది. సరిచేసుకోవలసింది ముందు అదే. తర్వాత రెండో లీడరుతో ఒక మీటింగు మొత్తం నడిపించి, తను వరసలో కూర్చుని ఆమె ఎక్కడ తడబడిందో రాసుకోవాలి. పదవి మారే రోజుకు ఆ పేజీలే చేతికివ్వొచ్చు.