అంతా బాగున్న రోజు లెక్క

బోటు కొన్నామని తెలిసిన దగ్గర్నుంచి మనవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంతయింది? ఎంత స్పీడు పోతుంది? మొదటిదానికి మా ఆయన ఏదో చెప్పి దాటేస్తాడు. రెండోదానికి నేను లాగ్ పుస్తకం తీస్తాను, అంటే బోటు తీసిన ప్రతిసారీ ఏం జరిగిందో రాసుకునేది. ఇద్దరమే ఉండి, ట్యాంకు సగం ఉండి, గాలి లేకపోతే గంటకు 38 మైళ్ళు, అప్పుడు ఇంజను 5,600 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు. ఆరుగురం ఎక్కితే 33 మైళ్ళు, 5,300. నేను ఇంత చెప్పేలోపు అడిగినవాళ్ళు పకోడీల ప్లేటు దగ్గరికి వెళ్ళిపోయి ఉంటారు, అది వేరే సంగతి.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి ఉత్తరాన. బోటు తిరిగేది సెయింట్ క్లెయిర్ సరస్సులో. 20 అడుగుల అల్యూమినియం బోటు, వెనక 115 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు, సెకండ్ హ్యాండ్. మా కాలనీ సంఘం వాళ్ళు ఇంటి ముందు బోటు పెట్టనివ్వరు కాబట్టి అద్దె స్థలంలో ఉంచి, శనాదివారాల్లో ట్రెయిలర్ మీద లాక్కెళ్ళి హారిసన్ టౌన్‌షిప్ దగ్గర నీళ్ళలోకి దించుతాం. పక్కనే సెల్ఫ్‌రిడ్జ్ వైమానిక స్థావరం. ఒక్కోసారి నెత్తిమీంచి విమానం వెళ్తే ఇంజను చప్పుడు కూడా వినపడదు.

ఈ సరస్సు హ్యూరన్, ఈరీ అనే పెద్ద సరస్సుల మధ్యలో ఉంటుంది, అయినా గ్రేట్ లేక్స్ ఐదింటి లెక్కలోకి రాదు. విస్తీర్ణం సుమారు 430 చదరపు మైళ్ళు, సగటు లోతు చూస్తే 11 అడుగులే. పెద్ద ఓడలు పోవడానికి మధ్యలోంచి 27 అడుగుల లోతున దారి తవ్వి ఉంచారు. ఇంత విశాలంగా, ఇంత పల్చగా ఉన్న నీళ్ళ మీద గాలి లేస్తే అలలు పొడుగ్గా, నిదానంగా రావు. పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వచ్చి బోటు ముక్కు మీద కొడతాయి. లాగ్ రాయడం వల్ల నాకు మొదట తెలిసొచ్చింది ఇదే.

మాలాంటి సరదా బోట్ల వాళ్ళు లాగ్ రాయాలని ఇక్కడ చట్టమేమీ లేదు. రాయకపోతే అడిగేవాడూ లేడు. నేను రెండు పుస్తకాలు పెట్టుకున్నాను. ప్రయాణాల పుస్తకం బోటులోనే ఉంటుంది. తడిసినా చిరగని కాగితం, దారం కట్టిన పెన్సిలు. తడి కాగితం మీద బాల్ పెన్ను మొరాయిస్తుంది, పెన్సిలు రాస్తుంది. రెండోది మరమ్మతుల పుస్తకం, అది ఇంట్లో గరాజ్ అరలో. రెండింటినీ కలిపేది ఇంజను గంటల మీటరు. కారుకి కిలోమీటర్లు ఎలాగో బోటు ఇంజనుకి గంటలు అలాగ. ఏ పని చేసినా తారీఖు పక్కన మీటరు గంటలు రాయాల్సిందే. ఇంజనాయిల్ 100 గంటలకోసారి, లేదా ఏడాదికోసారి, ఏది ముందొస్తే అది. మిషిగన్‌లో మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టే లోపు 100 గంటలు తిప్పగలిగేది చేపల పిచ్చి ఉన్నవాళ్ళే, మాకు ఏడాది లెక్కే వస్తుంది.

మా ఆయనది ఫోను పక్షం. యాప్ ఆన్ చేస్తే ఎక్కడ తిరిగామో మ్యాపు మీద ఎర్రగీతగా పడుతుంది, దూరం, వేగం అన్నీ దానికే తెలుసు. "ఇంకా ఎందుకే ఈ రాతకోతలు" అంటాడు. ఆ గీత నాకూ ఇష్టమే. కానీ మస్కమూట్ బే దాకా వెళ్దామని బయల్దేరినవాళ్ళం సగం దారిలో ఎందుకు వెనక్కి తిరిగామో ఆ గీతలో ఉండదు. నా పుస్తకంలో ఉంటుంది: "సూచన: తూర్పు గాలి 10 నాట్లు. అసలు: 15 పైనే. చిన్నదానికి వాంతి. వెనక్కి." (ఒక నాట్ అంటే గంటకు మైలుకి కాస్త పైన.) అలాంటి వరసలు కొన్ని పోగయ్యాక ఒక సంగతి కనిపించింది. పడమటి గాలి అదే జోరుతో వీచినా మాకు ఇబ్బంది ఉండదు, ఎందుకంటే మేము తిరిగేది పడమటి ఒడ్డు చాటునే. తూర్పు నుంచో ఈశాన్యం నుంచో వీచిందంటే సరస్సు అడ్డం మొత్తం, ఇరవై మైళ్ళ పైన, అల పెరుగుతూ వచ్చి మా మీద పడుతుంది. ఇప్పుడు మా ఇంట్లో నియమం ఇది: తూర్పు గాలి 12 నాట్లు దాటుతుందని సూచన ఉంటే పిల్లలతో బయల్దేరం. వాతావరణ శాఖ చెప్పిన హద్దు కాదది. మా బోటుకి, మా పిల్లల కడుపులకి సరిపోయే హద్దు.

ఎక్కినవాళ్ళ పేర్లు కూడా రాస్తాను, లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయో కూడా. ఆరేళ్ళ లోపు పిల్లలు పైన కూర్చుంటే జాకెట్ వేసుకునే ఉండాలని మిషిగన్ చట్టం. పేర్ల వల్ల ఇంకో ఉపయోగం మనవాళ్ళకి మాత్రమే అర్థమవుతుంది. సరస్సు మధ్యలోంచి కెనడా సరిహద్దు పోతుంది, నీళ్ళ మీద గీతేమీ కనిపించదు. ఆగకుండా, లంగరు వేయకుండా, ఇంకో బోటును కలవకుండా దాటి వచ్చేస్తే పరవాలేదు గానీ, అటువైపు లంగరు వేస్తే కెనడా వాళ్ళకు చెప్పుకోవాలి, ఒడ్డెక్కితే తిరిగొచ్చాక అమెరికా వాళ్ళకూ చెప్పుకోవాలి. వీసా స్టాంపింగ్ కోసం ఎదురుచూస్తూ, అమెరికా దాటితే తిరిగి రానిస్తారో లేదోనని భయపడే స్నేహితులు ఎక్కిన రోజున నేను గీత దరిదాపులకు కూడా పోనివ్వను. పుస్తకంలో ఆ రోజు పేర్ల పక్కన "ఇవతలే" అని ఉంటుంది.

మరమ్మతుల పుస్తకాన్ని గాడిలో పెట్టింది మా నాన్నగారు. ఆయన రాజమండ్రి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మా చిన్నప్పుడు ఇంట్లో వినపడే మాటల్లో సగం కేఎంపీఎల్ గురించే, ఏ బండి లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇచ్చింది, ఏ డ్రైవరు దాన్ని పాడుచేశాడు. ఒక వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు బోటు చూసి పెద్దగా మెచ్చుకోలేదు. పుస్తకం అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వసారాలో కూర్చుని మొదటి పేజీ నుంచి చదివారు.

"అమ్మాయ్, ఇదేంటి? 'ఇంజను ఓకే', 'బ్యాటరీ ఓకే'. ఎవరు రాశారిది?"

"నేనే నాన్నగారూ."

"ఓకే అని రాసినవాడు బండి చూడలేదని అర్థం. చూసినవాడు అంకె రాస్తాడు."

ఇంకోటి కూడా అడిగారు. డిపోలో డ్రైవరు లాగ్‌షీటులో కంప్లయింటు రాస్తే, చూసిన మెకానిక్ ఏం చేశాడో రాసి సంతకం పెట్టాలి. నా పుస్తకంలో కంప్లయింటు ఉంది, సంతకం గడి లేదు. "సమస్య రాసుకున్నావు సరే, ఎవరు చూశారు? ఎప్పుడు చూశారు? చూడకపోతే ఎవరు చూడాలి?" ఆ సాయంత్రమే స్కేలు పెట్టి ఆయనే గడులు గీశారు. పైన ఆయన చేతిరాతతో "అటెండెడ్" అని ఉంటుంది.

అప్పట్నుంచి పుస్తకంలో "ఓకే" లేదు. బ్యాటరీ, ఇంజను ఆపి రాత్రంతా వదిలేశాక 12.7 వోల్టులు. ఇంజను నడుస్తున్నప్పుడు 14.1. శీతల నీటి ధార, అంటే ఇంజనుని చల్లబరిచిన నీళ్ళలో కొంత పక్కనుంచి సన్నగా చిమ్ముతుందే అది, పెన్సిలంత లావు. 3,800 ఆర్‌పీఎం మీద నడిపితే గంటకు 4.5 గ్యాలన్లు. ఈ చివరిది గేజి చూసి రాసేది కాదు. బోటు ట్యాంకు వెడల్పుగా పల్చగా ఉంటుంది కాబట్టి అలల్లో ముల్లు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. నిండా కొట్టించి, తిరిగి, మళ్ళీ నిండా కొట్టించి, పట్టిన గ్యాలన్లని మీటరు గంటలతో భాగిస్తే వచ్చేదే అసలు లెక్క. ఫుల్ త్రాటిల్‌లో, అంటే పూర్తి జోరులో అయితే హార్స్‌పవర్‌ని పదితో భాగించుకోమంటారు బోట్లవాళ్ళు, మాకు గంటకు 11, 12 గ్యాలన్లు వస్తుంది. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, చేతిలో మూడో వంతు అనే పాత పద్ధతి పాటించాలంటే గంటకు ఎంత తాగుతుందో ముందు తెలియాలి కదా.

ఇవన్నీ ఏ తేడా లేని రోజుల్లో రాసినవి. అప్పట్లో చదివితే విసుగే, ఒకే అంకె మళ్ళీ మళ్ళీ. వాటి పని ఒక ఆగస్టులో పడింది. ఫుల్ త్రాటిల్ ఇస్తే ఇంజను 5,900 దాకా ఎగిరింది, వేగం మాత్రం 31 మైళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఇద్దరమే ఉన్నాం, గాలి లేదు. మామూలుగా నాచు చుట్టుకుంటే ఇంజను బరువెక్కుతుంది, ఆర్‌పీఎం పడిపోతుంది. ఇక్కడ ఆర్‌పీఎం పెరిగి వేగం తగ్గింది, అంటే ఇంజను తిప్పుతున్నంతా ప్రొపెల్లర్‌కి అందడం లేదు. ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు హబ్ ఒకటి ఉంటుంది, రాయికో దుంగకో తగిలితే గేర్లు విరగకుండా అది జారుతుంది. వయసైపోతే ఏమీ తగలకపోయినా జారుతుంది. దాన్ని కనిపెట్టే ఉపాయం తేలిక. హబ్ మీంచి ప్రొపెల్లర్ మీదికి పెయింటు పెన్నుతో ఒకే తిన్నని గీత గీసి, ఒకసారి గట్టిగా నడిపి, తిరిగొచ్చి చూడాలి. మా గీత రెండు ముక్కలై, ఒకటి ఇటు ఒకటి అటు ఉంది. నెమ్మదిగా నడిపితే జారదు కాబట్టి ఆ రోజుకి నెమ్మదిగా ఇంటికొచ్చాం. పాత అంకెలు లేకపోతే 31 మైళ్ళు కూడా మంచి వేగమే అనుకునేవాళ్ళం.

ఈ నాచు కథ వేరే. 1988లో ఈ సరస్సులోనే జీబ్రా మసెల్ అనే చిన్న గవ్వ జాతి బయటపడింది, విదేశీ ఓడలు నిలకడ కోసం అడుగున నింపుకునే నీళ్ళతో వచ్చిందంటారు. అవి నీళ్ళని వడగట్టి అందులోని సూక్ష్మజీవుల్ని తింటాయి. నీళ్ళు తేటబడ్డాయి, ఎండ అడుగు దాకా దిగింది, అడుగున మొక్కలు గుబురుగా పెరిగాయి. వేసవి చివరికొచ్చేసరికి అవి తెగి చాపల్లా తేలుతుంటాయి, ఇంజను నీళ్ళు పీల్చే రంధ్రాలకి అడ్డం పడతాయి. అందుకే జులై నుంచి పెన్సిలంత ధార సన్నబడిందా అని నా చూపు ఎప్పుడూ అక్కడే. ఇంపెల్లర్, అంటే ఆ నీళ్ళు తోడే రబ్బరు చక్రం, మార్చిన తారీఖు కూడా రాసి ఉంటే, ధార సన్నబడ్డప్పుడు నాచుని అనుమానించాలో ఇంపెల్లర్‌నో సగం అక్కడే తేలిపోతుంది.

ప్రయాణాల పుస్తకంలో వెనక పేజీలు మా అబ్బాయివి. దాటిన ఓడల పేర్లు రాస్తాడు. వాడి లెక్కలో అన్నిటికన్నా పెద్ద చేప పాల్ ఆర్. ట్రెగుర్తా, 1,013 అడుగుల పొడవు, ఈ సరస్సుల్లో తిరిగేవాటిలో అంత పొడవున్నది ఇంకోటి లేదు. డెట్రాయిట్ నదిలో ఓడలకు ఉత్తరాలు అందించే జె.డబ్ల్యూ. వెస్కాట్ అనే పడవ ఉంది, దానికి సొంత పిన్‌కోడు 48222. వాడు తాతగారికి ఆ పిన్‌కోడు చెప్తే, డీజిలు ఎంత ఇస్తుందని అడిగారు ఆయన.

అక్టోబరులో మరమ్మతుల పుస్తకానికి పండగ. చలికాలంలో పెట్రోలు పాడవకుండా అందులో స్టెబిలైజర్ పోసి, అది ఇంజను దాకా చేరేలా కాసేపు నడిపించడం, ఇంజనాయిల్, ఫిల్టరు, బ్యాటరీ ఇంటికి. అన్నిటికన్నా ముఖ్యం గేర్ ఆయిల్. వసంతంలో మారుద్దాంలే అనేవాళ్ళున్నారు, నేనొప్పుకోను. కింది స్క్రూ తీసినప్పుడు ఆయిల్ పాల రంగులో వస్తే లోపలికి నీళ్ళు వెళ్ళినట్టు. ఆ నీళ్ళు మిషిగన్ జనవరిలో గడ్డకడితే గేరు పెట్టె పగులుతుంది. కాబట్టి చూడాల్సింది చలి ముందే. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి ఎక్కించాలి, పై రంధ్రంలోంచి పొంగేదాకా. అప్పుడే ప్రొపెల్లర్ ఊడదీసి వెనక గాలం దారం చుట్టుకుందేమో చూస్తాను. ఇది చేపలవాళ్ళ సరస్సు, నీళ్ళలో దారానికి కొదవలేదు, గేరు పెట్టెలోకి నీళ్ళు పోకుండా ఆపే సీలుని అది కోసేస్తుంది. యానోడ్ కూడా అప్పుడే. బోటు లోహాన్ని తినకుండా తనే కరిగిపోయే ముక్క అది. ఉప్పునీళ్ళకైతే జింకు, మా మంచినీళ్ళకి మెగ్నీషియం. కాకినాడలో తిరిగే బోటు ముక్క ఇక్కడ పనిచేయదు. సగం కరిగితే మార్చేయడమే.

గడువులకి వేరే పేజీ. ఆపద వేళ వెలిగించే ఫ్లేర్లు తయారైన 42 నెలలకి చెల్లవు. వాడి పారేసే రకం మంటలార్పే సిలిండరు 12 ఏళ్ళకి చెల్లదు, 2022 నుంచి కోస్ట్ గార్డ్ ఈ నియమం పెట్టింది. ట్రెయిలర్ టైర్లు అరగవు, ముసలివై పగులుతాయి. వాటి వయసు పక్కనే అచ్చై ఉంటుంది, నాలుగంకెలు, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. మా కుడివైపు టైరు మీద 3518 అని ఉంది, అంటే 2018లో 35వ వారం. ఈ నెల కంప్లయింటు గడిలో అదే రాశాను. అటెండెడ్ గడిలో మా ఆయన పేరు పెన్సిలుతో రాసి ఉంచాను, ఇంకా సంతకం పడలేదు.