క్లచ్ వైరుకు కాస్త వదులు

రెండో శనివారం, ఆషాఢం. బ్యాంకుకు సెలవు.

తెల్లవారుజాము నుంచే ముసురు పట్టింది. లేవగానే బల్ల పక్కన గోడకు తగిలించిన తేమ మీటరు చూశాను. 84 శాతం చూపిస్తోంది. ఇక ఈ రోజు రంగు డబ్బాల జోలికి వెళ్లే పని లేదు. పోయిన ఆదివారం వాన కొంచెం తెరిపి ఇవ్వగానే ఆగలేక, నేను చేస్తున్న బుల్లి మోటారు సైకిల్ మోడల్ ఫెయిరింగ్ (బండి ముందు భాగాన్ని కప్పే తొడుగు) మీద క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే మెరుపు పూత, కొట్టాను. పది నిమిషాలు తిరగకుండానే ఎర్రటి రంగు మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర కట్టింది. రంగులోని థిన్నర్ చకచకా ఆవిరైపోతూ ఆ తలాన్ని చల్లబరుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు, గాలిలోని తేమ వచ్చి ఇంకా ఆరని రంగు మీద కూర్చుంటుంది. తెలిసి చేసిన తప్పు కాబట్టి బాధ రెండింతలు. పొడిగా ఉన్న రోజు చూసుకుని, నెమ్మదిగా ఆరే థిన్నర్‌ను పలచగా పట్టిస్తే ఆ పొర విడిపోతుంది. అప్పటిదాకా ఫెయిరింగ్‌ను డబ్బాలో పెట్టి మూత వేశాను.

రంగు పని లేకపోతే వైర్ల పని ఉంది. నిజానికి నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది టామియా కంపెనీ 1/12 స్కేలు (అసలు బండిలో పన్నెండో వంతు) కిట్టు, హోండా ఆర్‌సీ166 రేసు బైకు. 1966లో మైక్ హెయిల్‌వుడ్‌ను 250 సీసీ ప్రపంచ చాంపియన్‌ను చేసిన బండి. మరుసటి ఏడాదీ ఆ టైటిల్ ఆయనదే. 250 సీసీలోనే ఆరు సిలిండర్లు, ఇరవై నాలుగు వాల్వులు, ఏడు గేర్లు. ఒక్కో సిలిండర్ 41 సీసీ పైచిలుకు, ఇరానీ చాయ్ కప్పులో సగం కూడా నిండదు. ఎందుకింత చిన్న ముక్కలుగా కోశారంటే, అప్పుడు యమహా టూస్ట్రోక్ బండ్లు హోండాను ఓడిస్తున్నాయి. 1964లోనూ 1965లోనూ ఈ తరగతిలో టైటిల్ యమహా నడిపిన ఫిల్ రీడ్‌దే. టూస్ట్రోక్ ఇంజిన్‌లో ఇంధనం ప్రతి చుట్టుకూ ఒకసారి పేలుతుంది, ఫోర్‌స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే. ఫోర్‌స్ట్రోక్‌ను వదలనని పట్టుబట్టినవాళ్లకు మిగిలిన దారి ఒక్కటే, ఇంకా వేగంగా తిప్పడం. పిస్టన్లు, వాల్వులు చిన్నవైతే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే తిప్పవచ్చు. అలా తిప్పి తిప్పి 18,000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లారు. అంటే సెకనుకు 300 చుట్లు. ఈ సంఖ్య నాకు ఏళ్లుగా తెలుసు. అయినా రాసేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగుతుంది.

ఆరు సిలిండర్లకు ఆరు ప్లగ్ వైర్లు (స్పార్క్ ప్లగ్‌కు కరెంటు తెచ్చేవి) కావాలి. కిట్‌లో వైర్ల కోసం ఇచ్చిన నల్లటి గొట్టం ఒక మిల్లీమీటరు లావుంది. పన్నెండుతో హెచ్చిస్తే 12 మిల్లీమీటర్లు. ఏ బండికీ అంత లావు ప్లగ్ వైరు ఉండదు, అసలుది ఏడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. లెక్క ప్రకారం నాకు కావలసింది 0.58. మోడల్‌ను బొమ్మలా కనిపించేలా చేసేది ఇలాంటి లావే. రంగు ఎంత అద్దంలా మెరిసినా, స్టిక్కర్లు ఎంత పొందికగా అతికినా, ఒక్క వైరు లావైతే చాలు, ఇది చేతిలో పట్టే వస్తువని కన్ను పసిగట్టేస్తుంది.

అందుకని పదింటికి గొడుగు పట్టుకుని బయలుదేరాను. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే నారాయణగూడ తర్వాత సుల్తాన్ బజార్. అక్కడి నుంచి ట్రూప్ బజార్‌కు నడక. దారిలో ఎక్కడో బోనాల డప్పు వినిపించింది, ఏ సందులోనో తెలియలేదు. మోటారు వైండింగ్ తీగ అమ్మే దుకాణంలో 24 గేజ్ కావాలని అడిగాను. 24 గేజ్ తీగ 0.56 మిల్లీమీటర్లు ఉంటుంది, నా లెక్కకు సరిగ్గా సరిపోతుంది. క్లచ్ వైరుకు 27 గేజ్, అది 0.42. దుకాణం పెద్దాయన "తూకానికే అమ్ముతామమ్మా, వంద గ్రాములకు తక్కువ ఇవ్వం" అన్నారు. 24 గేజ్ తీగ వంద గ్రాములంటే దాదాపు 45 మీటర్లు. నాకు ప్లగ్ వైర్లన్నింటికీ కలిపి కావలసింది జానెడు. విషయం చెప్పి ఫోనులో ఇంజిన్ ఫొటో చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. తర్వాత గల్లాపెట్టె కింద ఉన్న తుక్కు డబ్బాలోంచి రెండు గేజులవీ తలా రెండు మూరలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చారు. డబ్బులు ఎంత చెప్పినా తీసుకోలేదు. "పూర్తయ్యాక తెచ్చి చూపించు" అన్నారు. తప్పకుండా చూపిస్తాను.

భోజనాలయ్యాక కూర్చున్నాను. తలకు భూతద్దం, చేతిలో పిన్ వైస్, అంటే వేళ్లతో తిప్పే చిన్న డ్రిల్లు. అచ్చులో పోసిన ప్లగ్ తలల్లో 0.6 మిల్లీమీటర్ల రంధ్రాలు ఆరు తొలవాలి. ఈ సైజు డ్రిల్లు బిట్టును నొక్కకూడదు, వేళ్ల మధ్య తిరగనివ్వాలంతే. ప్లాస్టిక్ తనంతట తాను సన్నటి పొట్టులా పైకి వస్తుంది. నొక్కితే బిట్టు లోపలే విరుగుతుంది, విరిగిన ముక్క బయటికి రాదు. ప్లగ్ క్యాపులకు పాత చార్జర్ వైరు మీది రబ్బరు తొడుగు వాడాను, ఒక్కోటి రెండు మిల్లీమీటర్లు. రాగి తీగను ముందు వంచి, తర్వాతే నలుపు వేయాలి. రంగు వేశాక వంచితే వంపు దగ్గర పెచ్చులూడి రాగి మెరుస్తుంది. రెండున్నర గంటల్లో ఆరూ కుదిరాయి. వంపుల్లో నాలుగోది మాత్రం మిగతావాటికంటే కొంచెం పైకి లేచింది. అసలు బండి ఫొటోల్లోనూ వైర్లు ఒకే కొలతలో దువ్వినట్టు ఉండవు. దాన్ని అలాగే వదిలేశాను.

ఆ తర్వాత క్లచ్ వైరు. లివరు నుంచి స్టీరింగ్ ముందు వైపుగా తిప్పి ఇంజిన్ దగ్గరికి తీసుకెళ్లాలి. దారంతో దారి కొలిస్తే 58 మిల్లీమీటర్లు వచ్చింది. సరిగ్గా అంతే కత్తిరించి రెండు చివరలా జిగురు పెట్టాను. చక్కగా, గీత గీసినట్టు వచ్చింది.

అప్పుడే నాన్న టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డారు. నాన్న దగ్గర ఒకప్పుడు యెజ్డీ రోడ్‌కింగ్ ఉండేది. చిక్కడపల్లి నుంచి బాలానగర్ ఫ్యాక్టరీకి ఏళ్ల తరబడి దాని మీదే వెళ్లివచ్చారు. అదీ 250 సీసీయే, కానీ ఒక్కటే సిలిండర్, దానికి రెండు సైలెన్సర్లు. కిక్ రాడ్డే గేర్ లివరు కూడా. 16 హార్స్‌పవర్. ఈ హోండా అదే 250 సీసీలోంచి 60కి పైగా తీసిందని నేను చెబితే నాన్న తల ఊపారు తప్ప ఆశ్చర్యపోలేదు. "ఎన్ని ప్లగ్గులు తుడుచుకోవాలో పాపం ఆ మెకానిక్" అన్నారు. యెజ్డీకి ఒక్క ప్లగ్గు. దాన్ని విప్పి ఎమెరీ కాగితంతో రుద్ది, నోటితో ఊది మళ్లీ బిగించడం నేను వరండాలో కూర్చుని ఎన్నిసార్లు చూశానో.

తర్వాత వంగి భూతద్దంలోంచి చూసి అడిగారు.

"క్లచ్ వైరు అంత బిగించి లాగావేమిటమ్మా?"

"బాగాలేదా నాన్నా?"

"చూడటానికి బాగానే ఉంది. హ్యాండిల్ కుడికి తిప్పు."

"రేసు బండి కదా, హ్యాండిల్ ఎక్కువ తిరగదు."

"తిరిగినంతైనా తిరగాలి కదా!"

వేలి కొనతో కుడివైపుకు తోశాను. ఎడమ చివర ముందుకు జరిగింది, తీగ నిటారుగా బిగుసుకుంది, లివరు దగ్గర జిగురు టక్కున వదిలింది. తీగ చివర గాలిలో ఊగుతోంది. నాన్న ఏమీ అనలేదు, గ్లాసు కింద పెట్టి కుర్చీ లాక్కున్నారు.

ఎప్పుడో అఫ్జల్‌గంజ్ దగ్గర మలుపులో బండి తిప్పుతుంటే క్లచ్ తనంతట తానే నొక్కినట్టయి ఇంజిన్ ఊరికే అరిచిన సంగతి చెప్పారు. కొత్త వైరు వేయించుకున్న మర్నాడే అది. మెకానిక్ కుర్రవాడు చూడముచ్చటగా ఉండాలని వైరును పొట్టిగా, బిగుతుగా కట్టాడట. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరిగాక కూడా వైరులో ఒక అంగుళం వదులు మిగలాలని ఆ రోజు తెలుసుకున్నానన్నారు. ఒక అంగుళాన్ని పన్నెండుతో భాగించాను. రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ.

ఎన్ని మోడళ్లు చేశానో, ఎన్ని వైర్లు పెట్టానో. లావు కొలిచాను, రంగు కొలిచాను, దారి కూడా ఫొటోలు చూసి కొలిచాను. వైరు చేసే పని ఏమిటో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. ఫొటోల్లో ఆ వైర్లు స్టీరింగ్ ముందు విల్లులా వంగి ఉండటం చూస్తూనే ఉన్నాను, అది అందం కోసమని అనుకున్నాను. ఇది తట్టగానే షెల్ఫ్‌లో ఉన్న మిగతా నాలుగు బండ్లనూ తీసి వరసగా హ్యాండిళ్లు తిప్పి చూశాను. రెండింటికి వైర్లు బిగుసుకున్నాయి. వాటిని విప్పాలి.

61 మిల్లీమీటర్ల కొత్త ముక్క కత్తిరించాను. ఈసారి పెన్సిలు చుట్టూ తిప్పి ముందే వంపు తెచ్చాను. జిగురు ఆరేదాకా నాన్న పక్కనే కూర్చుని బండిని అటూ ఇటూ చూస్తున్నారు. ఆరు సైలెన్సర్లు, మూడు ఇటు, మూడు అటు. వాటి మధ్య ఏదో వెతుకుతున్నట్టున్నారు.

"కిక్ రాడ్డు ఎక్కడ?"

"ఉండదు నాన్నా. ఆ రోజుల్లో రేసుల్లో తోసే స్టార్ట్ చేసేవాళ్లు. జెండా ఊపగానే బండితో పాటు పరుగెత్తి, ఎగిరి కూర్చునేవాళ్లు."

దీనికి మాత్రం నాన్న ముఖం వెలిగింది. "ట్యాంక్‌బండ్ మీద వానలో నేనూ అంతే కదా!" అని లేచి నిలబడి, రెండు చేతులూ హ్యాండిల్ పట్టుకున్నట్టు చాచి, నడుము వంచి చూపించారు. సెకండ్ గేరులో పెట్టి, క్లచ్ నొక్కి, పది అడుగులు పరుగెత్తి, సీటు మీద బరువు వేస్తూ క్లచ్ వదలడం. డెబ్భై రెండేళ్ల మనిషి గదిలో నాలుగు అడుగులు నిజంగానే పరుగెత్తారు. వంటింట్లోంచి అమ్మ "ఏమిటా చప్పుడు?" అంది. యెజ్డీ మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆ తర్వాత పుత్లీబౌలీలో సామాన్లు దొరికినన్నాళ్లు నడిపి, దొరకని రోజున నాన్న దాన్ని అమ్మేశారు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రాత్రి ఎనిమిదింటికి జిగురు పూర్తిగా ఆరింది. హ్యాండిల్‌ను నాన్నే తిప్పారు, ముందు ఎడమకు, తర్వాత కుడికి. వైరు స్టీరింగ్ ముందు కాస్త తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. ఊడలేదు.

రేపు ముందు బ్రేకు వైర్లు. ముక్కలు కత్తిరించి పెట్టాను, మూడేసి మిల్లీమీటర్లు ఎక్కువే ఉంచాను. తేమ మీటరు ఇప్పుడు 86 చూపిస్తోంది.