ఇంట్లో కంప్యూటర్‌కి పిల్లల లాక్ పెట్టుకోడానికి నేను పడిన అవస్థ

నిన్న రాత్రికి పని పూర్తయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, ఎందుకంటే ఇదే పని చేసుకోవాలనుకునే ఆడవాళ్ళు మన ఊర్లో చాలామంది ఉంటారు, ఎవర్నైనా అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకుంటారు.

మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయన కొండకి జీపు తోల్తాడు, రష్ ఉన్న రోజుల్లో ఇంటికొచ్చేసరికి ఏ అర్ధరాత్రో అవుతుంది. నేను బట్టల షాపులో లెక్కలు రాస్తా. స్కూలు వదిలినప్పట్నించి నేనొచ్చేదాకా ఇంట్లో ఉండేది తొమ్మిదో క్లాసు పాప, ఆరో క్లాసు బాబు, మా అత్త. ముగ్గురికీ హాల్లో ఉండే ఒకటే కంప్యూటర్, పాపకి ట్యూషన్ వీడియోలు, బాబుకి గేములు, అత్తకి యూట్యూబ్‌లో అన్నమయ్య కీర్తనలు.

ఒకరోజు సాయంత్రం అత్త కీర్తన వింటా ఉంటే స్క్రీన్ కింద కుడి మూల చిన్న డబ్బాలాగా గలీజు బొమ్మ ఒకటి లేచింది. అది తీసేస్తే ఇంకోటి. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని నన్ను కేకేసింది. బాబు బిక్కచచ్చిపోయినాడు, వాడికి నిజంగానే ఏమీ తెలీదు. రిపేరు షాపాయనకి ఫోన్ చేస్తే వైరస్ వచ్చేసింది, ఫార్మాట్ కొట్టాల్సిందే, సీపీయూ తీసుకురండి అన్నాడు. వైరస్సూ కాదు ఏమీ కాదు. మా బాబు ఫ్రీ గేమ్ కోసం ఏదో సైటుకి పోతే 'అలౌ' అని ఒక బటన్ వచ్చింది, గేమ్ మొదలుపెట్టడానికే అనుకొని నొక్కినాడు. అది మన స్క్రీన్ మీద ఎప్పుడు పడితే అప్పుడు నోటిఫికేషన్లు వేసుకోవచ్చని ఆ సైటుకి ఇచ్చే పర్మిషన్. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దాంట్లో సైట్ సెట్టింగ్స్, దాంట్లో నోటిఫికేషన్స్ అని ఉంటుంది, అక్కడ అలౌ లిస్టులో మనకి తెలీని సైట్లన్నీ తీసేస్తే అంతటితో సరి. మీకూ ఇట్ల వస్తే ముందు అక్కడ చూడండి, షాపుకి మోసుకుపోయి డబ్బులు పోసి రావద్దు.

అది పోయింది కానీ నాకు మనసు నిలవలేదు. సరే, లాకులు పెట్టేద్దామని కూర్చున్నా.

అకౌంట్లు విడగొట్టడం సులభం. విండోస్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి పోయి పిల్లలకి ఫ్యామిలీ కింద చైల్డ్ అకౌంట్లు చేసినా, అడ్మిన్, అంటే అన్ని సెట్టింగులూ మార్చగలిగే అకౌంట్, నాదొక్కటే, దానికి పాస్‌వర్డ్ పెట్టినా. పిల్లలది స్టాండర్డ్ అకౌంటే ఉండాలి, అడ్మిన్ ఉంటే పెట్టిన లాకులన్నీ వాళ్ళే తీసేసుకోవచ్చు. తర్వాత మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ, పిల్లల వాడకానికి హద్దులు పెట్టే ఆప్. ఇది ఉచితమే. రోజుకి ఎంతసేపు, ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా అని పెట్టొచ్చు, టైమ్ అయిపోతే వాళ్ళు ఇంకాస్త కావాలని రిక్వెస్ట్ పెడితే మన ఫోన్‌కే వస్తుంది, షాపులో కూర్చునే ఇవ్వొచ్చు లేదా లేదనొచ్చు. వారానికొకసారి మెయిల్లో రిపోర్ట్ వస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, దీని వెబ్ ఫిల్టర్ ఎడ్జ్ బ్రౌజర్లోనే పనిచేస్తుంది, అందుకని ఫిల్టర్ ఆన్ చేయగానే పిల్లల అకౌంట్లో క్రోమ్ బ్లాక్ అయిపోతుంది. పాప ట్యూషన్ సైట్ తెరుచుకోవడంలేదని గోల పెట్టింది, ఎడ్జ్‌లో తెరిస్తే బాగానే వచ్చింది.

ఇంతవరకూ ఎవరి మాటా పడలేదు. అసలు కథ రౌటర్ దగ్గర మొదలైంది.

కంప్యూటర్ ఒక్కదానికి పెడితే చాలదు, ఇంట్లో ఫోన్లూ టీవీ అన్నీ అదే వైఫై. డీఎన్ఎస్ అంటే మనం సైటు పేరు కొడితే దాని అడ్రస్ వెతికిపెట్టేది, రౌటర్లో అది మారిస్తే అన్నిటికీ ఒకేసారి పడుతుందని చదివినా. 2020లో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు ఇళ్ళ కోసమే ఒక డీఎన్ఎస్ పెట్టినారు, 1.1.1.3, రెండోది 1.0.0.3. అవి వేసుకుంటే బూతు సైట్లు, వైరస్ సైట్లు పేరు కొట్టినా తెరుచుకోవు. దీనికీ డబ్బులేమీ లేవు. బ్రౌజర్లో 192.168.1.1 కొడితే రౌటర్ పేజీ వచ్చింది, రౌటర్ కింద స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్ వేస్తే తప్పు అంటుంది. నెట్ కంపెనీ వాళ్ళు మార్చి పెట్టుకున్నారు. కస్టమర్ కేర్‌కి చేస్తే కంప్లయింట్ రాసుకున్నారు, ఎవరూ రాకుండానే మీ సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది.

షాపులో పర్మిషన్ పెట్టి వాళ్ళ ఆఫీసుకి పోయినా. బిల్లులు కట్టే జనం వరసలో ఉన్నారు. కౌంటర్ పిల్లోడు పాస్‌వర్డ్ ఇవ్వకూడదు మేడం, కంపెనీ రూల్ అన్నాడు. సరే నాయనా, నాకివ్వద్దు, మీరే మార్చండి అని నంబర్లు రాసుకున్న కాగితం ఇచ్చినా. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "అన్నా, ఇదేందో చూడన్నా" అని లోపలికి కేకేసినాడు. లోపల్నించి ఒక పెద్దమనిషి వచ్చి ఎందుకమ్మా ఇది అన్నాడు. పిల్లలున్నారు, చెడ్డ సైట్లు రాకుండా పెట్టుకుందామని అని మెల్లగా చెప్పినా. ఆయన గొంతు తగ్గించలేదు. "ఓహో, పిలకాయలు బూతు బొమ్మలు చూస్తా ఉండారా! ఎంతమ్మా వయసు?" అన్నాడు. వరసలో ఉన్న ప్రతి ఒక్కరూ నా వైపు తిరిగినారు. వాళ్ళలో మా వీధి ఆమె ఒకామె, ఆమె కూతురూ మా వాడూ ఒకటే క్లాసు. నా ఒళ్ళంతా చెమట పట్టింది. మా పిల్లలు ఏమీ చూడలేదండీ, ముందు జాగ్రత్తకి అడుగుతున్నా అంటే వినే నాథుడు లేడు. "రెండు తగిలించు తల్లీ, ఆ కంప్యూటర్ ఎత్తి అటక మీద పెట్టు, దీనికి మా దగ్గరికొస్తే మేమేం చేస్తాం" అన్నాడు, వరసలో ఎవరో నవ్వినారు.

నేను కదల్లేదు. నెలనెలా డబ్బు కడుతున్నాం, మా ఇంటి రౌటర్ అది, నా పిల్లల్ని కొట్టమని చెప్పడానికి మీరెవరు, చెయ్యలేమంటే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టండి అన్నా. అప్పుడు దిగొచ్చినాడు. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు ఆధార్ జెరాక్స్, లెటర్ తీసుకొని స్వయంగా రావాలంట. కనెక్షన్ మా ఆయన పేరు మీద ఉంది, ఆయన కొండ మీద ఉన్నాడు. ఈ మాట ముందే చెప్పుంటే నా పరువు నిలిచేది కదా.

మరునాడు మా వీధి ఆమె దారిలో ఆపి "మీ వాడు బాగుండాడా అక్కా" అని అదోరకంగా అడిగింది. జరిగిందంతా నడిరోడ్డు మీదే వివరంగా చెప్పినా. చెప్పింది విని ఆమె నా చెయ్యి పట్టుకొని, మా ఇంట్లోనూ అట్లాంటి బొమ్మలే లేస్తా ఉండాయి, ఎవర్ని అడగాలో తెలీక ప్లగ్ పీకేసి పెట్టినా అనింది. ఆమె కంప్యూటర్ కూడా నేనే సరిచేసినా, ఆ ఊరూపేరూ లేని సైట్లన్నీ తీసేసేసరికి ఆమె మొహంలో వెలుగొచ్చింది.

డీఎన్ఎస్ సంగతి తేల్చింది పక్కింటి పాలిటెక్నిక్ అబ్బాయి. అక్కా, రౌటర్ కోసం తిరగడమెందుకు, కంప్యూటర్లోనే మార్చేయొచ్చు అన్నాడు. నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 తెరిచి ఆ రెండు నంబర్లూ వేసినాడు, పక్కన ఐపీవీ6 టిక్ ఉంటే దాంట్లోంచి తప్పించుకొని పోవచ్చని అదీ తీసేసినాడు. స్టాండర్డ్ అకౌంట్లో ఉన్నవాళ్ళు వీటిని మార్చలేరు, నా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లకైతే సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్-డీఎన్ఎస్ డాట్ కామ్ అని ఇంగ్లీషులో (family.cloudflare-dns.com) కొట్టాలి. టీ తాగేలోపల అయిపోయింది. ఆఫీసులో అంతమంది కూర్చున్నారే, ఈ ముక్క ఒక్కరి నోట్లోంచీ రాలేదు.

ఇవన్నీ సైట్లని ఆపుతాయి కానీ యూట్యూబ్ లోపల ఏ వీడియో వస్తుందో డీఎన్ఎస్‌కి తెలీదు. దానికి యూట్యూబ్‌లోనే రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేసుకోవాలి, ఏ బ్రౌజర్‌కి ఆ బ్రౌజర్లో విడిగా పెట్టాలి. అది పెడితే వీడియోల కింద కామెంట్లు కనపడవు, మంచిదే.

పిల్లలకి తెలీకుండా చేయొద్దు. నేను ఇద్దర్నీ కూర్చోబెట్టి స్క్రీన్ మీద ఒక్కొక్కటీ చూపించే పెట్టినా. బాబు ఏమీ అనలేదు, ఆదివారం ఇంకో అరగంట అడిగినాడు, ఇచ్చినా. పాప మాత్రం "నేను వెతికేవన్నీ నువ్వు చదువుతావా మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మాట నాకు తగిలింది. ఆ వయసు ఆడపిల్లకి ఒంటి గురించి నూరు అనుమానాలు ఉంటాయి, అవన్నీ తల్లి మెయిల్లోకి వస్తాయని తెలిస్తే అడగడమే మానేస్తుంది, లేదంటే ఇంకెవరి ఫోన్లోనో అడుగుతుంది. ఫ్యామిలీ సేఫ్టీలో యాక్టివిటీ రిపోర్టింగ్‌ని ఒక్కొక్కరికి విడిగా ఆఫ్ చేయొచ్చు, పాపకి ఆఫ్ చేసినా, ఫిల్టరూ టైమూ మటుకు ఉంచినా. బాబుకి రిపోర్ట్ ఉంది. ఇద్దరికీ ఒకటే గట్టిగా చెప్పినా, ఎవరైనా ఫొటోలు అడిగినా, ఫొటో పెట్టి బెదిరించినా, డబ్బులడిగినా ఆ నిమిషమే నాకు చెప్పాలి, నేను తిట్టను, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేద్దాం అని. ఆ నంబరు మానిటర్ పక్కన గోడకి అంటించినా.

రౌటర్ని నేను వదల్లేదు. మా ఆయనకి ఖాళీ దొరికిన రోజు జెరాక్సులు పట్టుకొని ఇద్దరం పోతాం. డీఎన్ఎస్ మార్పించడంతో పాటు కనెక్షన్ నా పేరుకి రాయించుకుంటా, వచ్చేసారి ఆ కౌంటర్లో మా ఆయన్ని రమ్మనే పని ఉండదు.