చార ఒకటే, రాత వేరు

రెండు జీవుల్లో ఒక జన్యువు ఒకే చోట, ఒకే సమయంలో పనిచేస్తుంటే, దాన్ని నియంత్రించే డీఎన్ఏ వరుస కూడా ఒకేలా ఉండాలి కదా అని అనంతపురంలో నా డిగ్రీ విద్యార్థులు ఏటా అడుగుతుంటారు. ఉండనక్కర్లేదు.

మన చీనీ మండీల్లో కుళ్లిన కాయల మీద ముసిరే డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అనే చిన్న ఈగనే తీసుకుందాం. దాని పిండంలో ఈవెన్ స్కిప్డ్ అనే జన్యువు 7 అడ్డచారలుగా వ్యక్తమవుతుంది. రెండో చారను గీసేది జన్యువుకు ఎగువన ఉండే, సుమారు 480 క్షార జంటల (డీఎన్ఏ అక్షరాల) ఎన్‌హాన్సర్, అంటే జన్యువు ఎక్కడ, ఎప్పుడు పనిచేయాలో నియంత్రించే డీఎన్ఏ ముక్క. బైకాయిడ్, హంచ్‌బ్యాక్ ప్రోటీన్లు దానికి అతుక్కుని జన్యువును పనిలోకి దింపుతాయి. తల వైపు జెయింట్, తోక వైపు క్రుప్పెల్ అనే ప్రోటీన్లు దాన్ని అణచివేస్తాయి. ఈ రెండు అణచివేతల నడుమ మిగిలిన సన్నని పట్టీయే ఆ చార. చార ఎక్కడ పడాలో ఏ ఒక్క ప్రోటీనూ నిర్ణయించదు, నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది అదే.

కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన డ్రోసోఫిలా సూడోఅబ్‌స్క్యూరాలోనూ ఇదే చార ఉంది, కానీ ప్రోటీన్లు అతుక్కునే స్థానాలూ వాటి నడుమ దూరాలూ చాలావరకు మారిపోయాయి. షికాగోలో మార్టిన్ క్రైట్‌మన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో, ఏ జాతి ఎన్‌హాన్సర్‌ను పూర్తిగా పెట్టినా మెలనోగాస్టర్ పిండంలో చార సరిగానే వచ్చింది. ఒకదాని సగాన్ని రెండోదాని సగంతో అతికించినప్పుడు మాత్రం గాడి తప్పింది. పులుపు తగ్గించినవారు కారమూ తగ్గించి పులుసు రుచి నిలుపుకున్నట్లు, ప్రతి జాతిలోనూ ఒక స్థానం బలహీనపడితే మరో మార్పు ఆ లోటును పూడ్చింది. ఈ స్థానాలు చాలా పొట్టివి కనుక ఒక్క అక్షరం మారితే పాతది పోవచ్చు, కొత్తది పుట్టవచ్చు. ప్రకృతివరణం కాపాడింది చారను, అక్షరాలను కాదు.

జన్యువు పనిచేసే చోటే మారవలసి వస్తే సంగతి వేరు. సముద్రం నుంచి మంచినీటి సరస్సులకు చేరిన స్టికిల్‌బ్యాక్ చేపలు పలుచోట్ల కటి ముళ్లను కోల్పోయాయి. అక్కడ ఆ ముళ్లు పెరగడానికి అవసరమైన పిట్‌ఎక్స్1 జన్యువు చెక్కుచెదరలేదు, కటి భాగంలో దాన్ని నడిపే ఎన్‌హాన్సర్ మాత్రమే తెగిపోయింది. జన్యువే పోయి ఉంటే దవడా పిట్యూటరీ గ్రంథీ కూడా దెబ్బతినేవి.

అందుకే, రెండు జాతుల వరుసలను కంప్యూటర్లో పోల్చి, పోలిక కుదరలేదు కనుక ఆ ముక్కకు పనే లేదని తేల్చేసిన ప్రాజెక్టు నివేదికలను నేను సంతకం పెట్టకుండా వెనక్కి పంపుతున్నాను.