మన నల్ల ఇసకా, గరివిడి మాంగనీసూ, కొలరాడోలో గనుల చదువూ

కన్సల్టెన్సీ ఇచ్చిన జాబితాలో "కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్" అన్న పేరు కనబడితే మనవాళ్ళు రెండు రకాలుగా పొరబడతారు. పేరులో స్కూలుంది కదా, చిన్నదేదో అయ్యుంటుందని దాటేసేవాళ్ళు కొందరు. ర్యాంకు చూసి, కంప్యూటర్ సైన్స్‌కి ఇంకో కాలేజీ దొరికిందని దరఖాస్తు పడేసేవాళ్ళు మరికొందరు. ఇది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. కొలరాడో రాష్ట్రం 1876లో ఏర్పడితే ఈ బడి 1874లోనే పుట్టింది. డెన్వర్‌కి పడమర, రాకీ కొండలు లేచే చోట, గోల్డెన్ అనే చిన్న ఊళ్ళో ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ అక్కడా ఉంది, మంచిదే. కానీ ఈ బడికి పేరు తెచ్చింది భూమిలోంచి తీసేవి, తీశాక శుద్ధి చేసేవి, ఆ తర్వాత మిగిలే గొయ్యిని ఏం చేయాలన్నది. శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకి ఆ చదువు దేనికో చెప్పాలంటే బ్రోచరు తెరవక్కర్లేదు. కళింగపట్నం తీరానికి వెళ్తే చాలు.

అలలు వెనక్కి తగ్గాక ఒడ్డున నల్లటి చారలు కనిపిస్తాయి. చాలామంది మురికనుకుంటారు. వంశధార, నాగావళి కొండల నుంచి మోసుకొచ్చిన బరువైన గింజలవి. తూర్పు కనుమల్లోని ఖోండలైటు, చార్నోకైటు రాళ్ళు అరిగి ఏట్లో పడతాయి, ఏరు సముద్రానికి చేరుస్తుంది, అల తేలికవాటిని లాక్కుపోయి బరువువాటిని ఒడ్డునే వదిలేస్తుంది. మామూలు ఇసక, అంటే క్వార్ట్జ్, సాంద్రత 2.65. ఆ నల్ల చారల్లోని ఖనిజాల్లో సిల్లిమనైటుది 3.2, ఇల్మెనైటుది 4.7, జిర్కానుది కూడా దాదాపు అంతే, మోనజైటుది 5 దగ్గర. ఎరుపు ఛాయ కనబడితే అది గార్నెట్.

పాత స్పీకర్‌లోంచి తీసిన మాగ్నెట్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి ఆ ఇసక మీద తిప్పితే మాగ్నటైటు గింజలు మాత్రం లేస్తాయి. ఇల్మెనైటు బలహీనంగా స్పందిస్తుంది కాబట్టి దాన్ని లేపాలంటే పాడైన హార్డ్ డిస్కులో ఉండే నియోడిమియం మాగ్నెట్ కావాలి. ఇసక ఎండి ఉండాలి, తడిదైతే గింజలు ఒకదానికొకటి అంటుకుని క్వార్ట్జ్ కూడా వెంట వచ్చేస్తుంది. కవరు చుట్టకుండా తిప్పారో, ఆ మాగ్నెట్‌ని శుభ్రం చేసుకోవడానికి ఒక పూట పడుతుంది.

ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళ్తే ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ కర్మాగారం ఇదే పనిని టన్నుల లెక్కన చేస్తోంది. ముందు నీళ్ళతో కలిపి స్పైరల్స్ మీద జారిస్తే క్వార్ట్జ్ బయటి అంచుకి పోయి, బరువు గింజలు లోపలి వైపు దిగుతాయి. తర్వాత ఎండబెట్టి, తిరిగే రోలర్ మీద పల్చగా పోసి, వేల వోల్టుల కరెంటు కింద పంపుతారు. ఇల్మెనైటు, ఆ ఇసకలోనే ఉండే రూటైలు అనే మరో ఖనిజం కరెంటుని వదిలేసి రోలర్ నుంచి ఎగిరి ముందుకి పడతాయి. జిర్కాన్, సిల్లిమనైటు, గార్నెట్, మోనజైటు దాన్ని పట్టుకుని రోలర్‌కే అతుక్కుంటాయి, వెనక బ్రష్ రాలుస్తుంది. రెండు కుప్పల్నీ విడివిడిగా మాగ్నెట్ల కిందికి పంపితే మొదటిదాంట్లో ఇల్మెనైటు ఇటు, రూటైలు అటు. రెండోదాంట్లో గార్నెట్, మోనజైటు ఇటు, జిర్కాన్, సిల్లిమనైటు అటు. చివరి రెంటినీ విడదీయడానికి నురుగు పద్ధతి, అంటే ఫ్లోటేషన్.

కాగితం మీద ఇదంతా చక్కగా నడుస్తుంది. వానాకాలం తీరప్రాంతంలో నడపడమే చిక్కు. గింజ మీద కంటికి కనబడనంత తేమ పొర పట్టినా జిర్కాన్ కూడా కరెంటుని వదిలేసి ఇల్మెనైటు వైపు దూకేస్తుంది. ఉప్పు పొర మిగిలితే అది గాల్లో తేమని లాగి అదే పని చేస్తుంది. అందుకే ఎండబెట్టేముందు మంచినీళ్ళతో కడగాలి, వేడి ఆరకముందే సెపరేటర్ మీద పోయాలి.

ఇంత వివరం ఎందుకంటే, మైన్స్‌లో శాఖ ఎంచుకోవడమంటే ఈ దారిలో ఎక్కడ నిలబడతారో తేల్చుకోవడమే. గింజలు ఎక్కడ, ఎంత లోతున ఉన్నాయో చెప్పేది జియాలజీ, జియోఫిజిక్స్. తవ్వేది మైనింగ్. విడదీసేది, లోహం చేసేది మెటలర్జీ. ఆ ధరకి తవ్వడం గిట్టుబాటేనా అని లెక్క కట్టేది ఖనిజ అర్థశాస్త్రం, దానికి అక్కడ ప్రత్యేకంగా కోర్సే ఉంది. మోనజైటులో థోరియం ఉంటుంది కాబట్టి మిగిలిన ఇసకని ఎక్కడ పెట్టాలన్నది ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ వాళ్ళ తలనొప్పి. 2018లో "స్పేస్ రిసోర్సెస్" అని చంద్రుడి మీదా గ్రహశకలాల మీదా తవ్వకాల గురించి కోర్సు కూడా పెట్టారు. నవ్వుకోవచ్చు గానీ, నీళ్ళు లేకుండా, గాలి లేకుండా గింజని విడదీయడం ఎలాగన్న ప్రశ్న పై పేరాలో తేమ సమస్యకి మరో కొస.

ఇల్మెనైటు కథ గోల్డెన్‌లో ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఇల్మెనైటు ఇనుమూ టైటానియమూ కలిసిన ఆక్సైడు. ఇనుముని తప్పించి, బొగ్గుతో కలిపి క్లోరిన్‌లో కాలిస్తే టైటానియం టెట్రాక్లోరైడ్ అనే పొగలు కక్కే ద్రవం వస్తుంది. దాన్ని మరిగించి, ఆవిరిని మళ్ళీ ద్రవంగా పట్టి శుద్ధిచేసి, ఆర్గాన్ వాయువులో 800 డిగ్రీలు దాటిన వేడి దగ్గర కరిగిన మెగ్నీషియంతో కలిపితే టైటానియం స్పాంజి మిగులుతుంది. ఈ పద్ధతి కనిపెట్టినది లక్సెంబర్గ్‌లో పుట్టిన విలియం క్రోల్. ఆయన పేరుమీదే మైన్స్‌లో క్రోల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, పని లోహాల సంగ్రహణ. మన దేశంలో ఈ స్పాంజి కేరళలోని చవరలో తయారవుతుంది, సాంకేతికత మన హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్‌ది. విజయనగరం జేఎన్‌టీయూలో మెటలర్జీ చదివినవాళ్ళకి మైన్స్‌లో అన్నిటికంటే నేరుగా అతికే చోటు ఇదే.

మైనింగ్ వైపు వెళ్ళేవాళ్ళకి ఆకర్షణ ఎడ్గర్ గని. గోల్డెన్‌కి పడమర ఐడహో స్ప్రింగ్స్‌లో ఉంటుంది. 1870ల్లో వెండి, బంగారం తీసిన పాత గని, ఇప్పుడు బడి చేతిలో ఉన్న ప్రయోగశాల. డ్రిల్లింగు, పేలుడు, గాలి సరఫరా, పైకప్పు బోల్టులు, అన్నీ అసలు కొండలోనే నేర్పుతారు. ఇంకో సంగతి: భూకంపం వచ్చినపుడు మన పేపర్లు "అమెరికా జియలాజికల్ సర్వే ప్రకారం" అని రాస్తాయి చూడండి, ఆ లెక్క తీసే జాతీయ భూకంప సమాచార కేంద్రం ఈ క్యాంపస్‌లోనే ఉంది. జియోఫిజిక్స్ పిల్లలకి అంతకంటే మంచి పొరుగు దొరకదు.

ఇక దరఖాస్తు సంగతి. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో, అంటే ఈ చదువు ఎందుకో చెప్పుకునే వ్యాసంలో. "చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఆసక్తి" అని మొదలెట్టినది వాళ్ళు రోజుకి ఎన్ని చదువుతారో లెక్కలేదు. దాని బదులు గరివిడి మాంగనీసు గురించి రాయండి. దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల మొదట్లో మొదలైంది మన విజయనగరం ప్రాంతపు గనుల్లోనే. అక్కడి కోడూరు గని పేరు మీద ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాయికి "కోడురైటు" అని పేరు పెట్టాడు. ఆ రాతిలో అపటైటు ఉంటుంది, అపటైటులో ఫాస్ఫరస్ ఉంటుంది. అందుకే మన ఖనిజంలో ఫాస్ఫరస్ ఎక్కువ. ఆర్క్ ఫర్నేసులో వేస్తే ఫాస్ఫరస్ స్లాగులోకి (పైన తేలే చిట్టెంలోకి) పోకుండా చాలావరకు లోహంలోకే దిగుతుంది, ఆ లోహం వాడిన ఉక్కు చలికి పెళుసుబారి విరుగుతుంది. దాంతో ఫాస్ఫరస్ తక్కువున్న వేరే ఖనిజం తెచ్చి కలపాల్సి వస్తుంది. అపటైటు గింజ ఎంత సన్నంగా ఉంది, ఎంత మెత్తగా రుబ్బితే విడిపోతుంది, అంత రుబ్బితే మాంగనీసు బురదలో ఎంత పోతుంది? ఈ మూడు ప్రశ్నలు రాసి, మైన్స్‌లో అలాంటి పని చేస్తున్న ప్రొఫెసర్ పేరు కిందే రాస్తే ఆ కాగితం వేరే కుప్పలో పడుతుంది.

కాగితాల్లో మొదటి గండం ఇంటిపేరు. మన ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ముందొస్తుంది. పాస్‌పోర్టు తీసేటప్పుడు మొత్తం పేరుని "గివెన్ నేమ్" గడిలో వేసి "సర్‌నేమ్" ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడికి వెళ్ళాక బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, జీతం కాగితం, అన్నిటిలోనూ "ఎఫ్ఎన్‌యూ గారూ" అని పిలిపించుకోవాలి. దరఖాస్తుకి ముందే పాస్‌పోర్టులో రెండు గడులూ నింపించుకుని, అదే వరసలో దరఖాస్తులో పేరు రాయాలి. ఐ-20 మీదికి, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం మీదికి, అదే ఎక్కుతుంది.

రెండోది డిగ్రీ ఏళ్ళు. బీటెక్ నాలుగేళ్ళు కాబట్టి ఇబ్బంది లేదు. మూడేళ్ళ బీఎస్సీ జియాలజీ మాత్రమే ఉన్నవాళ్ళు శాఖకి ముందే మెయిల్ రాసి, సరిపోతుందో లేదో అడిగాకే ఫీజు కట్టాలి. దాని మీద ఎమ్మెస్సీ కూడా ఉంటే సాధారణంగా పేచీ రాదు. మార్కుల శాతాన్ని మీరే నాలుగు పాయింట్ల జీపీఏగా మార్చేసి రాయొద్దు. మెమోలో ఉన్నది ఉన్నట్టు రాయండి, బ్యాక్‌లాగులతో సహా. జీఆర్ఈ కావాలా వద్దా అన్నది శాఖని బట్టీ ఏడాదిని బట్టీ మారుతుంది. సీనియర్ చెప్పాడని నమ్మకుండా ఆ ఏడాది పేజీ చూసుకోండి.

డబ్బు విషయంలో ఒక్క తేడా తెలిస్తే చాలు. థీసిస్ లేని ఎమ్మెస్‌కి సాయం దొరకడం అరుదు, ఫీజంతా చేతినుంచే. పైగా విదేశీ విద్యార్థికి పడేది రాష్ట్రం బయటివాళ్ళ రేటు. థీసిస్‌తో ఎమ్మెస్ లేదా పీహెచ్‌డీ అయితే రీసెర్చ్ అసిస్టెంట్‌గా ఫీజూ జీతమూ వచ్చే వీలుంది, కానీ అది ప్రొఫెసర్ దగ్గరున్న ప్రాజెక్టు నిధుల మీద ఆధారపడుతుంది. ఐ-20 వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు 185 డాలర్లు. ఇవి మారుతుంటాయి, కట్టే రోజు సరిచూసుకోండి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 మళ్ళీ నింపితే నంబరు మారుతుంది. అపాయింట్‌మెంటులో పాత నంబరు ఉండిపోతే ఇంటర్వ్యూ రోజున గేటు దగ్గర ఆపేస్తారు.

ఉద్యోగం గురించి కన్సల్టెన్సీలు చెప్పని మాట ఒకటుంది. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదివినవాళ్ళకి ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, 12 నెలలు, ఈ కోర్సులకి పైన మరో 24 నెలలు దొరుకుతాయి. కానీ రక్షణ రంగానికి లోహాలు చేసే కంపెనీలు, కొన్ని జాతీయ ప్రయోగశాలలు చాలాచోట్ల అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవాళ్ళనే తీసుకుంటాయి. టైటానియం, అరుదైన లోహాల వైపు వెళ్ళేవాళ్ళు ఇది ముందే లెక్కలో వేసుకోవాలి. గనిలోకి దిగాలంటే అక్కడి చట్టం ప్రకారం కొత్తవాళ్ళకి భూగర్భ గనికి 40 గంటలు, పై గనికి 24 గంటల భద్రతా శిక్షణ తప్పనిసరి.

అంత దూరం, అంత ఖర్చు వద్దనుకుంటే ధన్‌బాద్ ఉంది. 1926లో గనుల బడిగా మొదలై 2016లో ఐఐటీ అయింది. బీటెక్‌కి జేఈఈ అడ్వాన్స్‌డ్, ఎంటెక్‌కి గేట్ (మైనింగ్, జియాలజీ, మెటలర్జీలకి వేర్వేరు పేపర్లున్నాయి). మన దేశంలో గని మేనేజరుగా సంతకం పెట్టాలంటే గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ ఇచ్చే యోగ్యతా పత్రం కావాలి. దాని ఆఫీసు ఉన్నది కూడా ధన్‌బాద్‌లోనే. ఇక్కడే గనుల్లో పనిచేయాలనుకునేవాళ్ళకి కొలరాడో డిగ్రీ ఆ పత్రానికి ప్రత్యామ్నాయం కాదు. మా మట్టుకు, తవ్వడం మీద మనసున్నవాళ్ళకి ధన్‌బాద్, విడదీయడం మీదా లోహం మీదా మనసున్నవాళ్ళకి గోల్డెన్ అంటాం.

వెళ్ళేవాళ్ళు కుక్కరు తీసుకెళ్ళండి. గోల్డెన్ సముద్రమట్టానికి 1,700 మీటర్ల పైన ఉంది, నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు గంటసేపు ఉడికించినా పలుకు పోదు. కుక్కర్లో కూడా ఇక్కడికంటే రెండు విజిల్స్ ఎక్కువ పెట్టాలి.

బీఎస్‌లో చేరేవాళ్ళకి ఇంకో బరువుంది. ఊరి పక్క మౌంట్ జయన్ మీద 1908లో రాళ్ళతో కట్టిన పెద్ద "ఎం" అక్షరం ఉంది. మొదటి ఏడాది పిల్లలు తలా 10 పౌన్ల రాయి మోసుకుంటూ కొండెక్కి, దానికి సున్నం కొట్టడం ఆనవాయితీ. సొంతూరి రాయి అయితే మరీ మంచిది. 10 పౌన్లంటే నాలుగున్నర కిలోలు. టెక్కలి నీలి గ్రానైటులో అది పన్నెండు సెంటీమీటర్ల ఘనం కంటే కాస్త తక్కువ, ఏ పాలిషింగ్ యూనిట్ వెనకాల ముక్కల కుప్పలో అడిగినా ఇస్తారు. మట్టి అంటుకుని ఉంటే అమెరికా కస్టమ్స్‌లో పేచీ పెడతారు, కాబట్టి బ్రష్‌తో రుద్ది కడిగి, ఆరబెట్టి పెట్టెలో పెట్టండి. తీరం ఇసక మాత్రం గుర్తుకోసం కూడా సీసాలో పోసుకోవద్దు. అందులోని మోనజైటు అణుశక్తి చట్టం కింద నియంత్రణ ఉన్న పదార్థం. ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళకి ఈ రాతి మోత తప్పింది, ఆ నాలుగున్నర కిలోల్లో ఆవకాయ పడుతుంది.