యెరికోకు దిగే దారిలో

2019 ఫిబ్రవరిలో మా చర్చి సంఘం వాళ్లం 36 మందిమి పరిశుద్ధ దేశానికి, అంటే యేసు తిరిగిన యెరూషలేము, బేత్లెహేము ప్రాంతాలకి వెళ్లాం. గైడుకీ బస్సు డ్రైవరుకీ చివరి రోజు ఇవ్వాల్సిన టిప్పు డబ్బులు మొదటి రోజే వసూలు చేశారు. మనిషికి 40 డాలర్లు. మొత్తం 1,440. మా పాస్టరు అయ్యగారు వాటిని ఒక జిప్పు సంచిలో పెట్టి నా చేతికిచ్చి, "లెక్కలకి నువ్వైతేనే సరి తమ్ముడూ" అన్నారు. సంఘంలో కానుకలు లెక్కపెట్టేవాళ్లలో పదేళ్లుగా నేనొకణ్ణి. ఆ మాటకి పైకి మామూలుగా తలూపాను గానీ లోపల బాగానే పొంగిపోయాను.

యెరికోకు బయలుదేరిన రోజు ఉదయానికి ఆ సంచిలో 1,400 ఉన్నాయి.

జరిగింది పెద్ద దొంగతనమేమీ కాదు. మా బస బేత్లెహేములో. మూడో రోజు సాయంత్రం హోటల్ దగ్గర షాపుల వైపు నడుస్తుంటే ఒక చోట ఒలీవ చెక్కతో చెక్కిన పశువుల తొట్టి సెట్టు కనిపించింది. మరియ, యోసేపు, బాలయేసు, ఇద్దరు గొల్లలు, మూడు గొర్రెపిల్లలు. మా ఆవిడకి చాలా ఏళ్లుగా అలాంటిది కావాలని ఉంది. బేరమాడితే 40 డాలర్లకి దిగాడు. నా డబ్బులు గదిలో ఉన్నాయి. నడుముకి కట్టుకున్న సంచి మాత్రం నాతోనే ఉంది. రాత్రికి సర్దేద్దాంలే అనుకుని అందులోంచి రెండు ఇరవైలు తీశాను.

ఆ రాత్రి మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను. మర్నాడు గుర్తొచ్చింది గానీ బద్ధకించాను. ఆ తర్వాతి రోజు మాత్రం మర్చిపోలేదు, బద్ధకించనూ లేదు. కూర్చుని ఆలోచించాను. 1,400 అంటే రౌండ్ ఫిగర్. 36 ని 40తో హెచ్చవేసి చూసేవాళ్లు మా గుంపులో ఎవరూ లేరు. పైగా ఈ సంచి మోస్తున్నది నేను, నిద్రలో కూడా దిండు కింద పెట్టుకుంటున్నది నేను. నా వాటా ఒక్కటి మినహాయించుకుంటే ఎవరికి నష్టం? గైడుకా? అతనికి మేమిచ్చేదెంతో అతనికి తెలియదు కదా. ఇలా ఒక్కో మెట్టూ దిగుతూ పోయాను. ఏ మెట్టు దగ్గరా కాలు జారినట్టు అనిపించలేదు.

పొద్దున ఒలీవల కొండ చూసుకుని అక్కణ్ణుంచి యెరికో దారి పట్టాం. యెరూషలేము సముద్ర మట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తున ఉంటే, యెరికో సముద్ర మట్టానికి 250 మీటర్ల కింద ఉంది. దాదాపు 30 కిలోమీటర్ల దారిలో వెయ్యి మీటర్లు దిగుతామన్నమాట. లూకా సువార్తలో మంచి సమరయుని కథ "యెరూషలేము నుండి యెరికో పట్టణమునకు దిగి వెళ్లుచు" అని మొదలవుతుంది. ఎన్నిసార్లు చదివానో, ఆ "దిగి" అన్న మాట మీద ఒక్కసారీ ఆగలేదు. బస్సులో చెవులు దిబ్బళ్లు పడ్డప్పుడు ఆగాను.

కాసేపటికి పచ్చదనం పోయింది. ఎటు చూసినా బోడి కొండలే. రోడ్డు పక్కన సముద్ర మట్టం ఇక్కడేనని ఒక రాతి ఫలకం, దాని దగ్గర ఫొటోల కోసం ఒక ఒంటె. మావాళ్లు దిగి ఫొటోలు తీసుకున్నారు. నేను బస్సులోనే ఉండిపోయాను.

దారిలో మంచి సమరయుని సత్రం అని ఒక చోటు చూపిస్తారు. యేసు చెప్పింది ఉపమానం కదా, ఉపమానంలో సత్రానికి అడ్రసేమిటని నాకు మొదట నవ్వొచ్చింది. ఇప్పుడది మొజాయిక్‌ల మ్యూజియం. పాత సమాజమందిరాలవీ చర్చీలవీ రంగురాళ్ల నేలలు తెచ్చి అక్కడ పరిచారు. యూదులవీ సమరయులవీ క్రైస్తవులవీ పక్కపక్కనే ఉన్నాయి. బతికున్నప్పుడు ఒకరి గిన్నెలో ఒకరు నీళ్లు తాగని వాళ్ల నేలలు ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నాయి.

గైడు బేత్లెహేముకు చెందిన అరబ్బు క్రైస్తవుడు, మంచి మాటకారి. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి కూడా పక్కనుంచి వెళ్లిపోయిన యాజకుడు, గుడి సేవ చేసే లేవీయుడు, యూదులకి గిట్టని జాతివాడైనా అతన్ని సత్రానికి చేర్చిన సమరయుడు, ఈ ముగ్గురి గురించీ బాగా చెప్పాడు. నాకు మాత్రం నాలుగోవాడు పట్టుకున్నాడు, ఆ సత్రం నడిపే పూటకూళ్లవాడు. సమరయుడు రెండు దేనారాలు అతని చేతిలో పెట్టి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తానని వెళ్లిపోయాడు. ఒక దేనారం అంటే కూలివాడి ఒక రోజు కూలి. గాయపడ్డవాడు స్పృహలో ఉన్నాడో లేడో. ఆ రెండు దేనారాల్లో ఒకటి పూటకూళ్లవాడు జేబులో వేసుకున్నా అడిగేవాడు లేడు. ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువ ఖర్చు రాసినా అడిగేవాడు లేడు. కనికరం సమరయుడు చూపించాడు, నిజమే. కానీ ఆ కనికరం గాయపడ్డవాడి దాకా చేరాలంటే మధ్యలో ఒకడు లెక్క సరిగ్గా ఉంచాలి. ఇన్నేళ్లలో పూటకూళ్లవాడి మీద ఒక్క ప్రసంగం కూడా విన్నట్టు గుర్తు లేదు. నడుముకున్న సంచి ఆ పూట కాస్త బరువనిపించింది.

తర్వాత వాదీ కెల్త్ లోయ అంచున ఆగి, ఎదురు కొండకి అతుక్కుని ఉన్న సెయింట్ జార్జ్ మఠాన్ని దూరం నుంచే చూసి వచ్చేశాం.

యెరికోలో మొదట తెల్ ఎస్ సుల్తాన్ ఎక్కాం. పాత యెరికో దిబ్బ అది. చూడ్డానికి మట్టిగుట్ట. 1952 నుంచి 1958 దాకా కాథ్లీన్ కెన్యన్ అనే ఆవిడ ఇక్కడ తవ్వించిన లోతైన కందకం అలాగే ఉంది. అందులో ఒక రాతి బురుజు. ఎత్తు 8.5 మీటర్లు, వయసు దాదాపు 10,000 ఏళ్లు. 2023లో యునెస్కో ఈ దిబ్బని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందని చదివినప్పుడు, ఆ ఎండలో మేం విసుక్కుంటూ తిరిగింది గుర్తొచ్చి సిగ్గేసింది.

అయ్యగారు దిబ్బ మీద నిలబడి యెహోషువ గ్రంథం చదివారు. గోడలు కూలిన ఆరో అధ్యాయం అయిపోయింది. ఆయన అక్కడితో ఆపుతారనుకున్నాను. ఏడో అధ్యాయం కూడా మొదలుపెట్టారు. ఆకాను అనేవాడు దోపుడు సొమ్ములోంచి ఒక మంచి పైవస్త్రం, వెండి, ఒక బంగారు కమ్మి తీసుకుని తన డేరాలో నేల తవ్వి దాచిన కథ. వెండి అడుగున ఉందట. దాచేవాడికి వరస బాగా తెలుసు అనుకున్నాను. నా సెట్టు కూడా సూట్‌కేసులో అన్నిటికంటే అడుగున, స్వెట్టర్ కింద ఉంది. గదిలో నాతో ఉంటున్న ఆయనకి కూడా చూపించలేదు. ఎందుకు చూపించలేదు? సొంత డబ్బుతో కొనుంటే వచ్చిన నిమిషంలో మంచం మీద పరిచి చూపించేవాణ్ణి.

ఆ ఊళ్లోనే జక్కయ్య మేడిచెట్టు ఉంది. పన్నులు వసూలు చేసే జక్కయ్య పొట్టివాడు, జనంలో యేసు కనపడక చెట్టెక్కాడని లూకా సువార్తలో ఉంది. ఇనప కంచె కట్టి ఉంచారు. ఇదే ఆ చెట్టంటారు, రెండు వేల ఏళ్లదంటారు. నేను నమ్మలేదు, నమ్మాల్సిన అవసరమూ కనపడలేదు. చెట్టు మాత్రం మేడిచెట్టు జాతిదే. కొమ్మలు కిందనే మొదలవుతాయి, పొట్టివాడు కూడా ఎక్కగలడు.

మా గుంపులో రిటైరైన ఒక టీచరమ్మ ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో అందరికంటే వెనక నడిచేవారు, అందరికంటే ఎక్కువ చూసేవారు. కంచె పక్కన రాలిపడ్డ కాయ ఒకటి తీసి గోటితో చీల్చారు. లోపల గోధుమరంగు పువ్వుల్లాంటి పీచు, దాని మధ్య ఆవగింజలో పావు వంతు ఉండే నల్లటి పురుగులు. ఒకటి ఆవిడ వేలి మీదికి పాకింది.

"చూశావా బాబూ, మేడిపండు ఎక్కడైనా మేడిపండే" అని నవ్వారు. తర్వాత, తనకి ఎప్పట్నుంచో ఉన్న అనుమానమట, అడిగారు. "జక్కయ్య నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాడో తెలియందే నాలుగంతలు ఎలా లెక్కకడతాడు? అంటే, అన్నీ గుర్తున్నట్టే కదా?"

నేను ఏమీ అనలేకపోయాను.

సుంకపు గుత్తదారుడు వాడు. రోమా ప్రభుత్వం అడిగినదానిమీద ఎంత ఎక్కువ గుంజితే అంత వాడిది. మోషే ధర్మశాస్త్రంలో, చేసిన తప్పు తానే ఒప్పుకుంటే అసలుకి అయిదో వంతు కలిపి ఇస్తే చాలు. గొర్రెను దొంగిలించి కోసినవాడికీ అమ్మినవాడికీ నాలుగు గొర్రెలు. జక్కయ్య అయిదో వంతు దగ్గర ఆగకుండా గొర్రెల దొంగ శిక్ష తనకి తనే వేసుకున్నాడు. అదీ ఎప్పుడు? యేసు పేరుపెట్టి పిలిచి, నీ ఇంట్లో ఉంటాను దిగు అన్న తర్వాత. ముందు లెక్క తేల్చుకో, తర్వాత వస్తాను అనలేదు ఆయన. చెట్టు కింద నిలబడి నేను చేసుకున్న సొంత లెక్క ఏమిటంటే, 40కి నాలుగంతలు 160. నా దగ్గర మిగిలినవి 110. ఆ టెన్షన్‌లో కూడా నాకు నవ్వొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో గైడు సువార్తల్లోని గుడ్డి బిచ్చగాడు బర్తిమయి సంగతి ఎత్తాడు. అతను అడుక్కుంటూ కూర్చున్నదీ ఈ యెరికో దారి పక్కనే. "నన్ను కరుణింపుము" అని కేకలు వేస్తే జనం నోరుమూసుకోమన్నారు. యేసు పిలిపించి, నీకేం చేయాలి అని అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో చూసేవాడికి తెలియదా? అయినా అతని నోటితోనే చెప్పించాడు.

హోటల్‌కి రాగానే నా బ్యాగులోంచి రెండు ఇరవైలు తీసి సంచిలో పెట్టాను. లెక్క సరిపోయింది, 1,440. జిప్పు వేశాక తేలికవ్వాల్సింది, కాలేదు. అరగంట గదిలో అటూ ఇటూ తిరిగి చివరికి అయ్యగారి తలుపు కొట్టాను. మొత్తం చెప్పాను. ఆ రౌండ్ ఫిగర్ సంగతి కూడా. అసలు చెప్పడానికి కష్టమైంది అదే.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు. "తిరిగి పెట్టేశావుగా. మరి నాకెందుకు చెప్తున్నావు?"

"తెలియదు అయ్యగారూ" అన్నాను. నిజంగానే తెలియదు.

సంచి తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను, ఇంకెవరికైనా ఇవ్వండని. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. తర్వాత దాన్ని నా వైపు జరిపి, "నా మతిమరుపుకి ఇది హోటల్లోనే వదిలేసి వస్తాను. నీ దగ్గరే ఉంచు. చివరి రోజు లెక్క చదివేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చదువు" అన్నారు. ఆ రాత్రి ఆ సంచిని దిండు కింద పెట్టుకోవడానికి భయమేసింది. తిట్టి లాక్కునుంటే హాయిగా నిద్రపోయేవాణ్ణి.

చివరి రోజు ఎయిర్‌పోర్టుకి బయలుదేరే ముందు హోటల్ లాబీలో అందరూ నిలబడ్డారు. నేను కాగితం చూసి చదివాను. వసూలైనది 1,440. మధ్యలో నేను సొంతానికి వాడుకున్నది 40. తిరిగి పెట్టింది 40. ఉన్నది 1,440. గైడుకి 840, డ్రైవరుకి 600.

ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "సొంతానికంటే?" అన్నారు.

"ఒలీవ చెక్క బొమ్మలు కొన్నానండీ. పశువుల తొట్టి సెట్టు."

ఆయన ముఖం చిట్లించారు. చిట్లించడం న్యాయమే. ఇంకో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ మాత్రం నా దగ్గరికొచ్చి, ఆ కాయ చీల్చినప్పటి ముఖంతోనే చిన్నగా అన్నారు. "నలభైకే ఇచ్చాడా బాబూ? నాకు అరవై చెప్పాడు!"

నాలుగంతలు నా వల్ల కాలేదు, అదీ చెప్పాలి. ఇచ్చింది అసలు మాత్రమే.

ఎయిర్‌పోర్టులో సూట్‌కేసులు దించడం అయ్యాక డ్రైవరు చేతిలో కవరు పెట్టాను. అతనికి ఇంగ్లీషు అంతంత మాత్రం. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో అన్నాడు. "లెక్కపెట్టుకో" అని చేతులతో సైగ చేసి చూపించాను. అతను నవ్వి, కవరు విప్పకుండానే చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కేశాడు.